ఉపాధ్యాయుని ఆత్మవిశ్వాసం

విద్యారంగాన్ని గురించి చర్చ జరిగినప్పుడల్లా పాఠ్యప్రణాళికలు, భవనాలు, పరీక్షాఫలితాలు ప్రస్తావనకు వస్తాయి. పాఠం చెప్పే వ్యక్తికి తన బోధనపై తనకు నమ్మకమున్నదా అని విచారించేవారు అరుదు. మాలో పలువురు రేపటి ఉపాధ్యాయులు. కనుక ఈ ప్రశ్న మాకు పరాయిది కాదు.

ఒక పనిని తాను చేయగలనన్న విశ్వాసానికి నాలుగు ఆధారాలున్నాయని 1977లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా ప్రతిపాదించాడు. అవి స్వయంగా సాధించిన విజయం, తోటివారి విజయాన్ని చూడటం, ఇతరుల ప్రోత్సాహం, దేహమనస్సుల స్థితి. ఉద్యోగభారం ఈ నాలుగింటినీ దెబ్బతీస్తుందని మా అభిప్రాయం.

ఏకోపాధ్యాయ పాఠశాలనే తీసుకుందాం. ఒక తరగతికి లెక్కలు చెబుతుంటే మిగిలిన నాలుగు తరగతుల పిల్లలు ఎదురుచూస్తుంటారు. ఆరంభించిన పాఠం ముగియనప్పుడు విజయానుభవం ఎక్కడిది? చూసి నేర్చుకొనుటకు పక్కగదిలో సహోపాధ్యాయుడు లేడు. తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టర్లు మాత్రమే తిరగవేసి వెళితే, పాఠం బాగున్నదన్న ఒక్క మాటైనా చెవిన పడదు. హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు ముగించేసరికి మిగిలేది అలసట. ఆ అలసటనే ఆయన తన అసమర్థతగా భావించడం మొదలుపెడతాడు. అసలు ప్రమాదం అక్కడ ఉన్నది.

దశవార్షిక జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప ఇతర విద్యేతర కార్యాలకు ఉపాధ్యాయులను నియోగించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షను శాసిస్తున్నది. అయినను 2024 నవంబరులో తెలంగాణలో జరిగిన ఇంటింటి కుటుంబ సర్వేకు ప్రాథమికోపాధ్యాయులను గణకులుగా నియమించారు. ఆ దినాలలో ప్రాథమిక పాఠశాలలు మధ్యాహ్నం వరకే నడిచాయి. సర్వే ఆవశ్యకతను మేము కాదనడం లేదు. దాని మూల్యం పసిపిల్లల చదువు కారాదనే మా మనవి.

ఒత్తిడి ఏ ఉద్యోగంలో లేదని కొందరు ప్రశ్నించవచ్చు. నిజమే. అయితే గుమాస్తా ధైర్యం సడలితే ఒక ఫైలు ఆగుతుంది. ఉపాధ్యాయుని ధైర్యం సడలితే ఆ సందేహం పిల్లలకు సంక్రమిస్తుంది. తనపై తనకు నమ్మకం లేని గురువు, వెనుకబడిన విద్యార్థిని "నీకు వస్తుంది" అని ఎట్లా నమ్మించగలడు?

పరిహారాలు అసాధ్యమైనవి కావు. ప్రతి పాఠశాలకు కనీసం ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. లెక్కల రాతపనికి కొన్ని పాఠశాలలకు కలిపి ఒక గుమాస్తాను నియమించాలి. స్కూలు కాంప్లెక్సు సమావేశాలలో ఉత్తర్వులు చదవడానికి బదులు ఒకరి పాఠాన్ని మరొకరు వినాలి. తనిఖీ అధికారి ఒక పీరియడైనా తరగతిలో కూర్చోవాలి.

ఉర్దూ మాధ్యమమైనా, తెలుగు మాధ్యమమైనా తరగతి గదిలో నిలబడేది ఒక మనిషే. ఆ మనిషిని నిబ్బరంగా నిలబెట్టవలసిన బాధ్యత ప్రభుత్వానిది, సమాజానిది, పిల్లల తల్లిదండ్రులది కూడా.