ఒక గెల చెట్టుకు వదులుదాం

గూళూరు, బాగేపల్లి, చింతామణి వైపు మెట్ట ఊళ్ళకు ఈతమాను బాగా తెలుసు. చాలీచాలని వానలతోనే అది నెట్టుకొస్తుంది. ఈతలాగే కల్లు గీసే జీలుగు చెట్టుది వేరే దారి. దానికి చల్లని కొండగాలి, వదలని తేమ, పెద్ద మాన్ల తోడు కావాలి. మన మలెనాడు అడవుల్లో బైనె అని పిలిచేదీ, ఆంధ్రప్రదేశ్‌లో మారేడుమిల్లి, రంపచోడవరం కొండల్లో కొండరెడ్లు గీసేదీ ఈ చెట్టే.

అరవై అడుగుల దాకా నిటారుగా ఎదుగుతుంది. మట్టకు కొమ్మల్లా రెబ్బలు, ఆ రెబ్బలకు చేపతోకల్లాంటి ఆకులు. పూతకు వచ్చేందుకు పదేళ్ళో, ఇంకా ఎక్కువో పడుతుంది. అన్నాళ్ళూ కూడబెట్టినదంతా బోదెలో పిండిగా దాచుకుంటుంది. అప్పుడు తల దగ్గర మొదటి గెల వేస్తుంది. తర్వాతి గెలలు ఒకదాని కింద ఒకటిగా, కొన్నేళ్ళపాటు దిగివస్తాయి. అట్టడుగు గెల పండాక చెట్టు ఎండిపోతుంది.

దాచుకున్న ఆ పిండే కరిగి, తీపై గెలకు చేరుతుంది. దాన్ని గీస్తే జీలుగు కల్లు. శ్రీలంకలో ఆ రసాన్ని కాచి పాకం, బెల్లం చేస్తారు. గోదావరి కొండల రెడ్ల జీవితంపై మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1945లో వెలువడింది. గింజలు అడుగంటిన రోజుల్లో ఈ కల్లు, బోదెలోని పిండి వాళ్ళ కడుపు నింపేవని అందులో నమోదు చేశాడు. అక్కడ జీలుగు కరువుకాలపు కొట్టు.

ఆ కొట్టు మళ్ళీ నిండాలంటే కొత్త మొక్క లేవాలి. జీలుగు మొదలు దగ్గర పిలకలు రావు, విత్తనమే గతి. పండు తోలు మన ఒంటికి తగిలితే దురద. పునుగుపిల్లులు మాత్రం ఇష్టంగా తిని, గింజల్ని అడవిలో చల్లుతాయి. గీసిన గెలకు కాయ ఉండదు. ప్రతి గెలనూ గీస్తే, లేదా పూతకు ముందే పిండికోసం నరికితే, ఆ చెట్టుకు వారసులు మిగలరు.

ఇందులో గీసేవారి తప్పు వెతకడం న్యాయం కాదు. పూట గడవడానికే చెట్టెక్కే మనిషిని రాబడి వదులుకోమని ఊరికే చెప్పలేం. రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం జీలుగు మీద కూడా పనిచేస్తోంది. అటవీశాఖ, గిరిజనాభివృద్ధి సంస్థలు దానితో చేయి కలపాలి. ప్రతి చెట్టుకూ ఒక గెల పండనివ్వాలి. ఆ గింజల్లో కొన్నింటిని గీసేవారి దగ్గరే కొని, వారి ఊళ్ళలోనే నారు పోయించాలి. ఆ పనికి కూలీ ఇవ్వాలి. మిగతావి పునుగుపిల్లులకు వదలాలి. ఈ రోజు నాటిన గింజ గెల వేసేసరికి నాటినవారి పిల్లలు పెద్దవాళ్ళవుతారు. అందుకే ఈ పని వచ్చే ఏటికి వాయిదా వేయదగినది కాదు.