ఇద్దరి రికార్డులు చూసి రాసే వైరస్

ల్యాబ్ రికార్డు రాత్రికి రాత్రి పూర్తి చేసిన అనుభవం మనలో చాలామందికి ఉంది. ఒక సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని మొదలుపెడతాం. నాలుగో ప్రయోగం దగ్గర చేతిరాత అర్థం కాక ఇంకో సీనియర్‌ది తీస్తాం. తెల్లారేసరికి మన రికార్డు ఇద్దరిదీ కాని మూడోది అవుతుంది. ఇద్దరి తప్పులూ అందులో ఉంటాయి, మనవి అదనం.

హెచ్ఐవి కూడా ఇలాగే కాపీ కొడుతుంది. దాని జన్యు సమాచారం సుమారు 9,700 అక్షరాల పొడవుండే ఆర్ఎన్ఏ పోగు. ఒక్కో వైరస్‌లో అలాంటివి రెండుంటాయి. కణంలోకి దూరాక రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేస్ అనే ఎంజైమ్ వాటిని చూసి డీఎన్ఏ రాస్తుంది. రాసింది సరిచూసుకునే అలవాటు దానికి లేదు. పైగా ఒక పోగు చూసి రాస్తూ రాస్తూ మధ్యలో రెండోదాని మీదికి దూకుతుంది. ఒకే కణంలో రెండు రకాల వైరస్‌లు చేరితే, అక్కడ పుట్టే వాటిలో కొన్నింటికి చెరొక రకం పోగు దొరుకుతుంది. అవి తర్వాతి కణంలో రాయించేది సంకరం కాపీ. మందు పడని శరీరంలో రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు పుడతాయి కాబట్టి, ఈ ఆట ఎన్నిసార్లు జరుగుతుందో మీరే ఊహించండి.

మన దేశంలో ఎక్కువగా కనిపించేది సి సబ్‌టైప్. అయినా ఎ, సి కలిసిన వైరస్ మన దగ్గర ఉన్నట్టు 1999లోనే పుణె శాస్త్రవేత్తలు ప్రచురించారు. మన సి కి దగ్గరి చుట్టమైన సి, థాయ్‌లాండ్ వైపు బి తో కలిసి పుట్టిన సంకరాలు చైనాలో విస్తరించాయి. ఇన్ని రకాలనూ ఒకేసారి పట్టుకోవాలని ముక్కలు అతికి మొజాయిక్ టీకా చేస్తే అదీ నిలవలేదు. ఆఫ్రికాలో 2021లో, అమెరికా ఖండాల్లో, ఐరోపాలో 2023లో ఆ ప్రయోగాలు ఆగిపోయాయి.

ఇదంతా నేను పరీక్షల కోసం చదవలేదు. మెదక్‌లో మా ఇంటి దగ్గర ఒక కాక ఉన్నాడు. (వరస మార్చి రాస్తున్నా, గుర్తుపట్టకండి.) పోయిన ఏడాది ఒక కాగితం నా చేతికిచ్చి, "బిడ్డా, ఇండ్ల ఏం రాసిండ్రో జెర సూడు" అన్నాడు. వైరల్ లోడ్ రిపోర్టు. అంకె పెద్దదే ఉంది.

కాక మందుల కోసం హైదరాబాద్ పోతాడు. దగ్గర్లో దొరికినా పోడు. మెదక్ ఎంత ఊరని? చర్చి నుంచి ఖిల్లా దాకా నడిస్తే పది మంది పలకరిస్తారు. ఒకసారి అక్కడి లైన్‌లోనే మన ఊరాయన కనబడ్డాడట. భయపడి వెనక్కి వచ్చేసి రెండు నెలలు గోలీలు మానేశాడు. మళ్లీ మొదలుపెట్టాక అవి సరిగా పనిచేయలేదు, డాక్టరు మందు మార్చాల్సి వచ్చింది.

ఆ రెండు నెలల్లో లోపల ఏం జరిగి ఉంటుందో ఇప్పుడు మీకు తెలుసు. రక్తంలో మందు తగ్గుతున్నప్పుడు కాపీ మళ్లీ మొదలవుతుంది. తప్పుల్లో ఏదో ఒకటి మందుకు లొంగనిది అవుతుంది. ఒక మందుకు లొంగనిదీ, ఇంకో మందుకు లొంగనిదీ ఒకే కణంలో కలిస్తే, రెండింటికీ లొంగనిది తయారు కావచ్చు.

అందుకే నా అభిప్రాయం ఇది. వైరస్ తెలివైనదని, ఎన్ని రకాలుగానో మారిపోతుందని మనం చేతులెత్తేయడం సగం అబద్ధం. కాపీ ఆగితే మార్పూ ఆగుతుంది, సంకరమూ ఆగుతుంది. రోజూ గోలీ వేసుకుని, రక్తంలో వైరస్ కనబడని స్థితిలోనే కొనసాగే మనిషి నుంచి లైంగికంగా అది ఇంకొకరికి సోకదు. ఆ గోలీలు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. వివక్ష చూపితే, అనుమతి లేకుండా ఒకరి సంగతి బయటపెడితే తప్పని 2017 చట్టం చెబుతోంది. కాకకు మందూ ఉంది, చట్టమూ ఉంది. లైన్‌లో ధైర్యంగా నిలబడే వీలే లేదు, అది లేకుండా చేసింది మనమే. డిసెంబర్ 1న మనం పట్టుకునే ప్లకార్డుల మీద "జాగ్రత్త" అని ఉంటుంది. ఎవరి నుంచి జాగ్రత్త? కాక నుంచా? గోలీ మానొద్దని రాసిన ప్లకార్డు నేనింతవరకు చూడలేదు. హాస్టల్లో ఈ రోగం పేరుతో వేసుకునే జోకుల గురించి వేరే చెప్పను, నేనూ నవ్వినవాణ్ణే.

మొన్న దసరాకు పోయినప్పుడు కొత్త రిపోర్టు చూపించాడు. వైరస్ కనబడలేదని ఉంది. ఇంటికి తీసుకొచ్చి ఇద్దరం కూర్చుని చాయ్ తాగినం. అమ్మ ఏమీ అనలేదు. కాక పోయాక ఆయన గ్లాసు మాత్రం వేరేగా కడిగింది.