హజ్ శిబిరంలో దొరికే టీకా బస్తీలో ఎందుకు దొరకదు?

హజ్ యాత్రకు ఎంపికైన వారికి ఏటా రాష్ట్ర హజ్ కమిటీల ఆధ్వర్యంలో టీకా శిబిరాలు జరుగుతాయి. మెనింజైటిస్ టీకా, పోలియో చుక్కలు అందరికీ ఇస్తారు. 65 ఏళ్లు దాటిన వారికి, దీర్ఘవ్యాధులున్న వారికి అదనంగా ఇన్‌ఫ్లుయెంజా టీకా కూడా వేస్తారు. ఆ టీకా వేయించుకుని ఇంటికి చేరిన హాజీ సాబ్‌కు కొంత రక్షణ ఏర్పడింది. అదే ఇంట్లో ఉబ్బసంతో, చక్కెర వ్యాధితో బాధపడే ఆయన అక్కగారికి ఆ రక్షణ లేదు. ఆమె హజ్‌కు వెళ్లకపోవడం తప్ప దీనికి వేరే కారణమేమీ లేదు.

ఫ్లూ టీకా అవసరమైన వారెవరో ప్రభుత్వానికి తెలియక కాదు. ఆరోగ్య కార్యకర్తలు, గర్భిణులు, దీర్ఘరోగులు, వృద్ధులు, ఆరు నెలలు నిండిన పసిపిల్లలు అని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అయినా సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఈ టీకాకు చోటు లేదు. ప్రైవేటు ఆసుపత్రిలో ఒక్క మోతాదుకు వెయ్యి రూపాయలకు పైమాటే. ఆటో తోలేవాడు, పండ్ల బండి నడిపేవాడు ఇంట్లో ముగ్గురికి వేయించగలడా? ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన నాకు ‘ఇవ్వవచ్చును’ అన్న మాటకూ ‘ఇవ్వవలెను’ అన్న మాటకూ మధ్య ఎంత దూరముందో బాగా తెలుసు. మొదటి మాటకు నిధులు రావు.

మన బస్తీల్లో గడప గడపకూ తిరిగే ఆశా కార్యకర్త సంగతి మరీ విచారకరం. ఉదయం జ్వరంతో ఉన్న ఇంటికి వెళ్లి, మధ్యాహ్నం బాలింతను పలకరించే మనిషి ఆమె. ఆమెకు టీకా వేయడం ఆమె ఒక్కతె కోసమే కాదు. ఆరు నెలలలోపు శిశువుకు ఫ్లూ టీకా వేయకూడదు. తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు వేయించుకుంటేనే ఆ రక్షణ బిడ్డకు అందుతుంది. తల్లికీ లేక, ఇంటికి వచ్చే ఆరోగ్య కార్యకర్తకూ లేకపోతే ఆ పసికందుకు ఇక దిక్కెవరు?

మన వైపు సందేహాలనూ దాచుకోనవసరం లేదు. పంది జెలటిన్ ఉందన్న మాట వినిపిస్తుంటుంది. బ్రిటన్‌లో పిల్లల ముక్కులో చిమ్మే టీకాలో అది ఉన్నమాట నిజమే. అభ్యంతరం చెప్పిన ముస్లిం తల్లిదండ్రులకు అక్కడ జెలటిన్ లేని ఇంజెక్షన్ ఇస్తున్నారు. అడిగి తెలుసుకోవడం మన హక్కు. అడగకుండానే నిరాకరించడం వివేకం కాదు. టీకాతోనే ఫ్లూ వస్తుందన్నది మరో అపోహ. ఇంజెక్షన్‌గా ఇచ్చే టీకాలో బతికి ఉన్న వైరస్ ఉండదు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడడం మామూలే. టీకా వేయించుకున్నా కొందరికి ఫ్లూ రావచ్చు, అయితే ప్రాణం మీదికి వచ్చే అవకాశం తగ్గుతుంది.

2020లో కరోనాను ఒక మతానికి అంటగట్టిన ప్రచారం మన గుండెల్లో గాయం చేసింది. సర్వే కాగితాలతో వచ్చిన వారిని చూసి తలుపులు మూసుకున్న ఇళ్లను నేనెరుగుదును. ఆ భయాన్ని తప్పుపట్టలేను. కానీ ఆ మూసిన తలుపుల వెనుక నష్టపోయింది మన ముసలివారే. వ్యాధి సోకిన ఊరి నుంచి బయటకు వెళ్లవద్దనీ, ఆ ఊరిలోకి అడుగుపెట్టవద్దనీ బోధించిన దైవప్రవక్త (స) అనుచరులకు అంటువ్యాధి నివారణ పరాయి విషయం కాదు.

మనదేశంలో ఫ్లూ ఏటా రెండుసార్లు విజృంభిస్తుంది: జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వర్షాకాలంలో మరొకసారి. వైరస్ రూపు మార్చుకుంటుంది గనుక టీకా ఏటా వేయించుకోవాలి. వేసిన రెండు వారాలకు గానీ అది పనిచేయదు. కాబట్టి వానలకు ముందే, అంటే ఏప్రిల్, మే నెలల్లోనే ఏర్పాట్లు జరగాలి. ఆలోగా ప్రతి మస్జిద్ కమిటీ తన మొహల్లాలోని 65 ఏళ్లు దాటినవారు, గర్భిణులు, దీర్ఘరోగుల జాబితా తయారుచేసి, హిందూ ముస్లిం తేడా లేకుండా అందరి పేర్లూ చేర్చి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి అర్జీ ఇవ్వాలి. ఆశా కార్యకర్తల పేర్లు ఆ జాబితాలో మొదట ఉండాలి. అర్జీ నకలుపై తేదీతో కూడిన రసీదు ముద్ర తీసుకోవడం మరువవద్దు.