చుట్టే యంత్రం మన మండలానికి రావాలి

హైదరాబాద్ పాతబస్తీ అనగానే లాడ్ బజార్ గాజులు గుర్తొస్తాయి. గాజుకు పట్టుదారం చుట్టడం చూసినవారికి టొరాయిడ్ కాయిల్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. గాజు బదులు ఇనుప రింగు, దారం బదులు ఎనామిల్ పూసిన రాగి తీగ. మామూలు బాబిన్ అయితే ఇరుసుకు తగిలించి తిప్పితే చాలు, తీగ చుట్టుకుంటుంది. రింగుకు ఆ వీలు లేదు. ప్రతి చుట్టుకూ తీగను రంధ్రంలోంచి దూర్చి లాగాలి. వెయ్యి చుట్లకు వెయ్యిసార్లు దూర్చాలి.

ఇది రైతుకెందుకు? మన స్టార్టర్ డబ్బాల దగ్గరే దీనితో పని ఉంది. ఒక ఫేజు పోతే మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు పెరిగి మోటారు వైండింగ్ మాడిపోతుంది. ఆ తేడాను కరెంటును బట్టి కనిపెట్టి మోటారును ఆపే సాధనంలో ఉండేది ఈ రింగు కాయిలే. లీకేజీని పట్టే ఈఎల్‌సీబీకి కూడా ఇదే గుండెకాయ. మోటారుకు వెళ్లే తీగలన్నీ రింగులోంచే పోతాయి. వెళ్లిన కరెంటు అంతా తిరిగొస్తే కాయిల్ కదలదు. తడి పైపులోంచో మనిషి ఒంట్లోంచో కొంత నేలలోకి పోతే వెంటనే పసిగడుతుంది. మనుషుల ప్రాణరక్షణకు పెట్టేవి 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే సరఫరా ఆపేస్తాయి.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. కరెంటు ఉచితమే, కాలిన మోటారు మాత్రం రైతు ఖర్చే. పొట్ట దశలో ఉన్న వరికి నాలుగు రోజులు నీళ్లందకపోతే ఆ నష్టం ఏ బిల్లులోనూ కనబడదు.

రింగుకు తీగ చుట్టే యంత్రం బ్రహ్మవిద్య కాదు. ఒకచోట కోసిన సన్నని చక్రాన్ని రింగు రంధ్రంలోంచి దూర్చి మళ్లీ కలపాలి. ముందుగా కావలసినంత తీగను ఆ చక్రం మీదకే ఎక్కించాలి. తర్వాత తీగ కొసను రింగుకు కట్టి చక్రాన్ని తిప్పితే, తీగ చక్రం మీద నుంచి రింగు మీదకు దిగుతుంది. రబ్బరు రోలర్లు రింగును మెల్లగా జరుపుతుంటే చుట్లు పక్కపక్కనే పడతాయి. పెద్ద రింగులకు పిల్లల సైకిల్ రిమ్ము, కుట్టుమిషన్ మోటారు, చుట్లు లెక్కపెట్టే చిన్న కౌంటర్ ఉంటే ఇంట్లోనే బిగించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. రిమ్ము కోసిన అంచు నున్నగా లేకపోతే ఎనామిల్ గీసుకుపోయి చుట్లు షార్టవుతాయి.

ఇలాంటి పని మన గడ్డ మీద ఇంతకుముందే జరిగింది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చదువు బడిలోనే ఆగింది. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే తల్లి లక్ష్మి చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆమె భుజం నొప్పి చూడలేక ఆయన 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. అప్పులయ్యాయి, ఎగతాళి ఎదురైంది. హైదరాబాద్‌లో కూలి పని చేస్తూ బాలానగర్‌లో చూసిన ఒక యంత్రం కదలిక ఆయనకు దారి చూపింది. 1999లో లక్ష్మి ఆసు యంత్రం తయారైంది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడేళ్లూ ఆయన వెనుక ఒక వర్క్‌షాపు, కాస్త పెట్టుబడి ఉంటే ఎన్నేళ్లు కలిసొచ్చేవో ఆలోచించాలి. నెగ్గాక శాలువా కప్పడం తేలిక. తంటాలు పడుతున్నప్పుడు చేయూతనివ్వడమే అసలు పని.

ఫ్యాక్టరీలో చౌకగా దొరుకుతుంటే ఊళ్లో చుట్టడమెందుకని కొందరంటారు. ఫ్యాక్టరీ కొత్త సరుకు అమ్ముతుంది. పాతదాన్ని బాగుచేసేది మన మెకానిక్కే. అయితే ప్రాణం మీదకొచ్చే చోట రాజీ కూడదు. ఈఎల్‌సీబీ మాత్రం ఐఎస్ఐ మార్కున్నదే కొనాలి. స్టెబిలైజర్ కాయిళ్లు, స్టార్టర్ ప్యానెల్ కాయిళ్లు మన దగ్గరే చుట్టి, పరీక్షించి వాడుకోవచ్చు.

అందుకే మనం మూడు కోర్కెలు గట్టిగా అడగాలి. మండలానికొక ఉమ్మడి వైండింగ్ షెడ్డును సహకార సంఘం ఆవరణలో పెట్టాలి. అందులో చుట్టే యంత్రంతో పాటు ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ కూడా ఉండాలి. పాతబస్తీ గల్లీల్లో ఏళ్ల తరబడి చేత్తో చుట్టి ఆరితేరిన ఉస్తాదులను పిలిపించి, తగిన జీతమిచ్చి, ఐటీఐ చదివిన మన పిల్లలకు పని నేర్పించాలి. ప్రతి వ్యవసాయ స్టార్టర్‌కూ ఈఎల్‌సీబీని, సరైన ఎర్తింగ్‌ను ప్రభుత్వ ఖర్చుతో బిగించాలి.

నాగలి కర్రు సాన పెట్టే కొలిమి ఒకప్పుడు ప్రతి ఊళ్లో ఉండేది. దానికి ఊరంతా కలిసి గింజలు కొలిచేవారు. ఇప్పుడు మన నాగలి మోటారైంది. దాని కొలిమి కూడా మన మధ్యే ఉండాలి. వచ్చే గ్రామసభల్లో ప్రతి శాఖా ఈ తీర్మానం పెట్టాలి.