ఫిల్టరు ఎక్కడ పెట్టాలి? పంపుకి ముందా, తర్వాతా?

మా నాన్నకీ నాకూ ఆస్తి తగాదాలు లేవు. రాజకీయాల్లో కూడా ఇంచుమించు ఒకటే పార్టీ. మా ఇద్దరికీ పడనిదల్లా ఆయన ప్రీమియర్ పద్మినిలో పెట్రోల్ ఫిల్టరు ఎక్కడుండాలి అన్న విషయం ఒక్కటే. నవ్వకండి. ఆమధ్య సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఈ ఫిల్టరే మమ్మల్ని ముగ్గుర్నీ (నేను, నాన్న, వెనక సీట్లో మా ఎనిమిదేళ్ళ పిల్ల) తగలబెట్టినంత పని చేసింది.

ముందు కారు సంగతి. 1984 మోడల్. బొంబాయి కుర్లాలో ఫియట్ లైసెన్సు మీద తయారైన 1100 డిలైటే కొన్నాళ్ళు ప్రెసిడెంట్ అయ్యి, 1974 నుంచి పద్మిని అయింది. 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కన గేర్లు, వెనక ట్యాంకు. బొంబాయిలో ఆఖరి పద్మిని టాక్సీ కూడా ఇరవయ్యేళ్ళు నిండి 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది గానీ, తెనాలిలో మా నాన్నది మాత్రం తిరుగుతూనే ఉంది. నేను దాన్ని క్లాసిక్ అంటాను, అమ్మ డొక్కు అంటుంది. 2021లో కేంద్రం తెచ్చిన రూలు ప్రకారం యాభయ్యేళ్ళు దాటితేనే వింటేజ్, అంటే 2034 దాకా ఆ గౌరవం కూడా దక్కదు.

ఈ కారులో కంపెనీవాడు విడిగా ఫిల్టరు పెట్టలేదు. పంపు మూత కింద ఒక జల్లెడ, కార్బురేటర్లోకి పెట్రోల్ వచ్చేచోట ఇంకో చిన్న జాలీ, అంతే. "వాడికి తెలీకనా పెట్టంది?" అంటారు నాన్న. ఆ రోజుల్లో ట్యాంకు కొత్తది. నలభయ్యేళ్ళ తుప్పు పేరుకున్నాక ఆ జల్లెడ ఏం ఆపుతుంది? నాలుగు రోజులకోసారి జెట్టు మూసుకుపోయి, సెకండ్ గేర్లో ఎక్కాల్సిన ఫ్లైఓవర్ ఫస్ట్ గేర్లో గుర్రుగుర్రుమంటూ ఎక్కేది. చివరికి నా పోరు పడలేక నాన్న ఎవరో మెకానిక్ చేత ఫిల్టరు వేయించారు. యాభై రూపాయల ప్లాస్టిక్‌ది, లోపల కాగితం మడతలు కనపడేది. పంపుకీ కార్బురేటర్‌కీ మధ్య, చక్కగా చూడగానే కనపడేలా. ఫోటో కూడా పంపారు. నేను కూడా బావుంది అనే అన్నాను. ఇది నా తప్పు.

గుంటూరు వెళ్తున్నాం. నారాకోడూరు దాటామో లేదో, "నాన్నా, పెట్రోల్ బంకు వాసన వస్తోంది" అంది పిల్ల. ముందు సీట్లో ఇద్దరు పెద్దవాళ్ళం మాత్రం అద్దాలు దించుకుని కబుర్లలో ఉన్నాం! బండి ఆపి బానెట్ ఎత్తితే ఫిల్టరు నుంచి కార్బురేటర్‌కి వెళ్ళే రబ్బరు ట్యూబు ఊడి వేలాడుతోంది. కాగిపోతున్న ఇంజన్ మీదంతా పెట్రోల్. ఇంకో జానెడు దూరంలో డిస్ట్రిబ్యూటర్. బిగించిన క్లిప్పు, ఊడిపోయిన ట్యూబుకి అసలు లేనే లేదు. పిల్లని దింపి రోడ్డవతల చెట్టు కింద నిలబెట్టాక గానీ నాకు చేతులు వణకడం మొదలవలేదు.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సిన విషయం ఒకటుంది. ట్యూబు ఊడిన వెంటనే ఇంజన్ ఆగలేదు. ఎందుకు? కార్బురేటర్ ఫ్లోట్ చాంబర్లో ఉన్న పెట్రోల్‌తో అది కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఇంజన్ తిరిగినంతసేపూ క్యామ్ పంపు లివర్‌ని కొడుతూనే ఉంటుంది, పంపు తోడుతూనే ఉంటుంది. మామూలుగా అయితే చాంబర్ నిండగానే నీడిల్ వాల్వు మూసుకుంటుంది, స్ప్రింగుకి నెట్టడానికి చోటు లేక పంపు డయాఫ్రం ఆగిపోతుంది. ట్యూబే ఊడితే ఆపేదెవరు? ప్రతి స్ట్రోకూ పూర్తిగా బయటికే. అంటే మనం హాయిగా అరవైలో పోతూ ఉండగా, మన పంపే మన ఇంజన్ మీద పెట్రోల్ చల్లుతుందన్నమాట.

అదే ఫిల్టరు పంపుకి ముందు, అంటే ట్యాంకు వైపు ఉండి అక్కడ ట్యూబు ఊడిందనుకోండి. పంపు పెట్రోల్ బదులు గాలి పీలుస్తుంది. చాంబర్ ఖాళీ అయ్యాక బండి దగ్గి దగ్గి ఆగిపోతుంది. ట్యాంకు నిండా ఉంటే కిందికి కారొచ్చు, కాదనను. కానీ చిమ్మదు, వేడి ఇంజన్ మీద అసలు పడదు. మన భాషలో చెప్పాలంటే ఒకటి ఫెయిల్ సేఫ్, రెండోది ఫెయిల్ అయ్యి కూడా టూ హండ్రెడ్ ఓకే ఇచ్చే సర్వరు.

అందుకే ఇప్పుడు నా అభిప్రాయం ఇది: మెకానికల్ పంపున్న పాత కారుకి ఫిల్టరు పంపుకి ముందే ఉండాలి. ఇంజన్ గదిలో కూడా కాదు, వీలైతే వెనక, ట్యాంకు నుంచి పైపు బయటికొచ్చే దగ్గర.

దీనికి ఎదురు వాదన ఉంది, అదేమీ తీసిపారేసేది కాదు. పంపు నెట్టేవైపు సుమారు 3 నుంచి 5 పీఎస్ఐ ప్రెషర్ ఉంటుంది కాబట్టి ఎంత సన్నటి కాగితంలోంచైనా పెట్రోల్ దూరిపోతుంది. పీల్చేవైపు అలా కాదు. అక్కడ అడ్డం పెట్టిన ప్రతిదీ పైపులో ప్రెషర్‌ని ఇంకా తగ్గిస్తుంది. కుక్కర్లో ప్రెషర్ పెరిగితే నీళ్ళు ఆలస్యంగా మరుగుతాయి కదా, ఇక్కడ దానికి రివర్సు. పెట్రోల్లో తేలిక భాగాలు మామూలుగానే 35-40 డిగ్రీలకి ఆవిరవడం మొదలెడతాయి. రెంటచింతలలో మే నెల నీడపట్టే అంతకంటే వేడి. పైపులో ఆవిరి బుడగలు చేరితే పంపు వాటినే నొక్కుతూ వదులుతూ కూర్చుంటుంది, బండి కదలదు. వేపర్ లాక్ అనేది ఇదే. పాతకాలం డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ కప్పేది ఇందుకే.

ఈ వాదనకి నా జవాబు: ఫిల్టరు వెనక చల్లగా ఉన్నచోట పెట్టమంటున్నదే అందుకు. పైగా పీల్చేవైపు వాడేది పెద్ద సైజుది, మరీ సన్నటి కాగితం లేనిది అయ్యుండాలి. ఏడాదికోసారి, ఎంత తక్కువ తిరిగినా సరే, మార్చేయాలి. అప్పుడు అడ్డం పెద్దగా ఉండదు. సన్నటి ధూళి మిగిలితే దానికి కార్బురేటర్ జాలీ ఉండనే ఉంది. పంపు డయాఫ్రం నుంచి ఊడే ముక్కలు కూడా ఆ జాలీ దగ్గరే ఆగుతాయి.

కాదు, పంపు తర్వాతే పెడతానంటారా, పెట్టండి. కానీ మెటల్ బాడీది పెట్టండి. ట్యూబుల మీద ఊగేలాడేలా కాకుండా బ్రాకెట్‌కి బిగించండి, డిస్ట్రిబ్యూటర్‌కీ సైలెన్సర్ గొట్టానికీ దూరంగా. అద్దం గ్లాసు ఫిల్టర్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, షోకి తీసుకెళ్ళే బళ్ళకి బావుంటాయి. నా పిల్ల కూర్చునే కార్లో మాత్రం వద్దు. అన్నట్టు, పారదర్శకంగా ఉండే ఫిల్టర్లో పెట్రోల్ సగమే కనపడుతోందని చాలామంది కంగారుపడతారు. కంగారక్కర్లేదు, పై సగంలో ఆవిరి ఉండటం మామూలే. నిలువుగా, పెట్రోల్ బయటికెళ్ళే మూతి పైకి ఉండేలా పెడితే ఆ ఆవిరి కూడా బయటికి పోతుంది. బాణం గుర్తు ఎటుందో చూసుకోవడం మర్చిపోకండి, నేనొకసారి మర్చిపోయాను. ఎలక్ట్రిక్ పంపు వేయించుకున్నవాళ్ళ కథ వేరు, అక్కడ పంపుకి ముందు ఫిల్టరు లేకపోతే పంపే పోతుంది. దాంతోపాటు ఇంజన్ ఆగితే పంపు ఆపే స్విచ్చు కూడా ఉండాలి.

నాన్న మాటలో కూడా న్యాయం ఉందని ఒప్పుకోవాలి. "నువ్వు పెట్టే ప్రతి ఫిల్టరూ రెండు కొత్త అతుకులు రా" అంటారాయన. నిజమే. నేను ఆఫీసులో జూనియర్లకి చెప్పేది కూడా ఇదేగా, మధ్యలో ఇంకో సర్వీసు పెడితే ఇంకో రెండు కనెక్షన్లు పెట్టినట్టేనని. ట్యాంకులో తుప్పు అలాగే ఉంచి ముందు ఫిల్టరు తగిలించడం, ఎర్రర్ వస్తుంటే దాన్ని ఖాళీ క్యాచ్ బ్లాకులో పడేసి చేతులు దులుపుకోవడం లాంటిది.

ఇది ఇప్పుడు ఇంకా ముదిరింది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై 2025 నాటికి దాదాపు అంతటా వచ్చేసింది. ఇథనాల్ పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని కరిగించి లేపుతుంది. గాలిలో తేమని పీల్చుకుంటుంది. నీళ్ళు ఎక్కువైతే ఆ రెండూ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరి తుప్పు పట్టిస్తాయి. నెలకోసారి బయటికి తీసే కార్లకి ఇదే పెద్ద జబ్బు. పైగా 1984 నాటి రబ్బరు దీన్ని తట్టుకోదు, ఉబ్బుతుంది, పగుళ్ళిస్తుంది. కాబట్టి ఫిల్టరు ఎక్కడ పెట్టినా, ట్యూబు మాత్రం ఎస్ఏఈ జె30 ఆర్9 అని అచ్చు వేసి ఉన్నది కొనండి. ఏ ట్యూబైతే ఏంటి అనే షాపువాడి మాట వినకండి.

ఆ రోజు నారాకోడూరు దగ్గర ఫిల్టరు పీకేసి, పాత ట్యూబునే పంపుకీ కార్బురేటర్‌కీ నేరుగా తగిలించి, వైరుతో కట్టి నెమ్మదిగా ఇంటికొచ్చాం. అమ్మకి చెప్పలేదు. పిల్ల చెప్పేసింది.

మర్నాడు పెద్ద ఫిల్టరు ఒకటి తెచ్చి నేనే వెనక ట్యాంకు దగ్గర బిగించాను, రెండు వైపులా క్లిప్పులతో. నాన్న కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నారు, ఏమీ అనలేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు దాన్ని విప్పి హాక్సాతో కోసి పేపరు మీద పరిచాను. ఇటుకపొడిలాంటి తుప్పు, రెండు చెంచాలుంటుంది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని వేలితో రాసి చూసుకున్నారు. "ట్యాంకు దింపించాల్సిందేరా" అన్నారు.

నిన్న ఫోన్ చేశారు. ట్యాంకు దింపి కడిగించడానికి ఇచ్చారట. "నువ్వు చెప్పిన ఆ నంబరు ట్యూబు ఇక్కడ దొరకట్లేదు, హైదరాబాదు నుంచి రెండు మీటర్లు పట్రా" అన్నారు. పెట్టేసేముందు మళ్ళీ, "క్లిప్పులు మర్చిపోకు, ఆరు."