ఏపీ ఇంగ్లిష్ తీసుకుంటే కాలేజీలో ఇంగ్లిష్ తప్పుతుందా? అమెరికాలో తెలుగు పేరెంట్స్ చూడాల్సిన లెక్క ఇదీ..

అమెరికా హైస్కూళ్లలో వచ్చే ఏడాది క్లాసులు ఎంచుకునేది ఎక్కువగా జనవరి, మార్చి నెలల మధ్యే. ఫ్రిస్కో, ఎడిసన్, ఫ్రీమాంట్ లాంటి చోట్ల తెలుగు ఇళ్లలో అప్పుడు ఒకటే చర్చ.. ఏపీలు ఎన్ని తీసుకోవాలి? ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదు, కాలేజ్ బోర్డ్ నడిపే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. స్కూల్లోనే కాలేజీ స్థాయి సిలబస్ చదివి మే నెలలో పరీక్ష రాస్తారు. స్కోరు 1 నుంచి 5 వరకు.

కాలిక్యులస్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ అయితే మనవాళ్లు రెండో మాట మాట్లాడరు. గొడవంతా ఇంగ్లిష్ దగ్గరే. ఒక్క ఏడాది కష్టపడితే కాలేజీలో ఇంగ్లిష్ పీడ వదిలిపోతుందన్నది చాలామంది ఆశ. అది కొన్ని చోట్లే నిజం.

టెక్సాస్‌లో ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. 3 ఆపైన స్కోరు వస్తే ప్రభుత్వ యూనివర్సిటీలు క్రెడిట్ ఇవ్వాలని అక్కడ చట్టమే ఉంది. ఎక్కువ స్కోరు అవసరమని ఆధారాలతో తేలిస్తేనే మినహాయింపు. అంటే ఒక సెమిస్టర్ కోర్సు ఫీజు నిజంగానే మిగులుతుంది. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్‌లలో సీను వేరు. 5 వచ్చినా ఫస్టియర్ రైటింగ్ కోర్సు తప్పదు. ఇక యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో 3 స్కోరుతో మొదటి మెట్టు రైటింగ్ రూల్ తీరుతుంది. ఆ తర్వాత క్యాంపస్‌ను బట్టి మళ్లీ రైటింగ్ కోర్సులు ఉంటాయి.

డాక్టర్ చదువు మనసులో ఉంటే ఇంకో మెలిక. కాలేజీలో ఇంగ్లిష్ లేదా రైటింగ్ కోర్సు చదివారా అని అడిగే మెడికల్ స్కూళ్లు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ఏపీ క్రెడిట్‌ను లెక్కలోకి తీసుకోవు.

జీపీఏ కోసమైతే తీసుకోవచ్చా?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ అడ్మిషన్ లెక్కలో ఏపీ క్లాసుకు ఒక పాయింట్ అదనం. అంటే ఏపీలో 'బి' వచ్చినా మామూలు క్లాసులో 'ఎ' వచ్చినట్టే. కానీ ఈ బోనస్ గరిష్ఠంగా 8 సెమిస్టర్లకే. ఏడాది పొడవునా నడిచే నాలుగు ఏపీలతోనే అది నిండిపోతుంది. మ్యాథ్స్, సైన్స్ ఏపీలు అప్పటికే నాలుగు ఉన్న పిల్లలకు ఏపీ ఇంగ్లిష్ వల్ల ఈ లెక్కలో ఒక్క పాయింటూ పెరగదు. కష్టమైన క్లాసులు తీసుకున్నారా అన్నది అడ్మిషన్ ఆఫీసు విడిగా చూస్తుంది, అది వేరే సంగతి.

టెక్సాస్‌లో క్లాస్ ర్యాంకు కీలకం. యూటీ ఆస్టిన్‌లో ఆటోమేటిక్ అడ్మిషన్ 2026 ఫాల్ నుంచి టాప్ 5 శాతానికే. ఏపీకి ఎంత వెయిటేజీ అన్నది స్కూల్ డిస్ట్రిక్ట్‌ను బట్టి మారుతుంది కాబట్టి కౌన్సెలర్‌ను అడగడం తప్పనిసరి.

ఒకటి మాత్రం ఎలాగూ తప్పదు. కాలిఫోర్నియా యూనివర్సిటీకి హైస్కూల్లో 4 ఏళ్ల ఇంగ్లిష్ ఉండాల్సిందే. టెక్సాస్‌లో హైస్కూల్ పాసవ్వాలన్నా 4 క్రెడిట్లు కావాలి. ఏపీ ఇంగ్లిష్ ఆ నాలుగేళ్లలో ఒక ఏడాదికి బదులుగా వచ్చేదే, అదనపు సబ్జెక్టు కాదు.

మరి ఎవరు తీసుకోవాలి? ఇంట్లో గడగడా ఇంగ్లిష్ మాట్లాడేస్తున్నారు కదా అని పేరెంట్స్ ధైర్యం చేస్తుంటారు. కానీ సాధారణంగా 11వ తరగతిలో తీసుకునే ఏపీ ఇంగ్లిష్ లాంగ్వేజ్ పరీక్షలో 55 శాతం మార్కులు మూడు వ్యాసాలకే. 2 గంటల 15 నిమిషాల్లో వాదన నిలబెట్టి రాయాలి. బట్టీ పట్టే కోచింగ్ ఇక్కడ పెద్దగా పనికిరాదు. చదవడం, రాయడం ఇష్టమున్న పిల్లలకు క్రెడిట్ రాకపోయినా ఈ క్లాసు దండగ కాదు. అప్పటికే నాలుగు ఏపీలతో అర్ధరాత్రి దాకా మేల్కొంటున్న వాళ్లకు మాత్రం మామూలు ఇంగ్లిషే నయం.

ఫామ్ మీద సంతకం పెట్టేముందు అనుకుంటున్న మూడు, నాలుగు కాలేజీల వెబ్‌సైట్లలో ఏపీ క్రెడిట్ పేజీ తెరిచి, ఇంగ్లిష్ వరుసలో ఏ స్కోరుకు ఏ కోర్సు ఇస్తున్నారో చూస్తే సరిపోతుంది. ఐదు నిమిషాల పని.