విద్యుత్తు బండ్లకును వంతు కలదు

పల్నాటి రైతునకు వంతు అనగా నేమో మేము చెప్పనక్కరలేదు. 1967 ఆగస్టులో నాగార్జునసాగరము కుడి కాలువకు నీరు వదలిననాటి నుండి మన పెద్దలును మనమును తూముల కడ వంతు కొఱకు రాత్రులు మేలుకొని కావలి యున్నవారమే. ఎగువ పొలము రైతు తన మడి నిండిన పిదపను మడవ కట్టకున్నచో, చివరి భూముల రైతు పైరు ఎండునని మన మెఱుగుదుము. అట్టి వానిని ఊరు మెచ్చదు. అతడు దొంగిలించినది ఏమియు లేదు. తనకు అక్కరలేని నీటిని మఱియొకనికి అందనీయలేదు, అంతే. ఆ యంతయే పెద్ద తప్పిదమని మన పల్లెల తీర్పు.

ఇప్పుడీ వంతు మాట క్రొత్త చోట అవసరమైనది. విద్యుత్తుతో నడచు స్కూటర్లు, ఆటోలు, కార్లు మన గ్రామముల త్రోవలలోనికిని వచ్చినవి. పాలు, కూరగాయలు, ఎరువు బస్తాలు, బడికి పోవు పిల్లలు, అమరేశ్వరుని దర్శనమునకు వచ్చు యాత్రికులు ఈ బండ్లలో పోవుట మనము నిత్యము చూచుచున్నాము. బండ్లు పెరిగినంత వేగముగ వానికి చార్జింగు చేసికొను చోట్లు పెరుగుట లేదు. ఒక ప్లగ్గు, ముగ్గురు యజమానులు అను స్థితి ఇప్పటికే ఏర్పడుచున్నది. కావున ఈ విషయమై మా అభిప్రాయమును సభ్యుల ముందుంచుట మా విధి యని తలంచితిమి.

గడచిన మిరప కోతల కాలమున మా సభ్యు డొకరు విద్యుత్తు ఆటోలో పది టిక్కీలు వేసికొని గుంటూరు యార్డునకు బయలుదేరిరి. ముందటి రాత్రి ఊరిలో కరెంటు నిలిచిపోవుటచే బ్యాటరీ సగమే నిండినది. త్రోవలోని యొక పట్టణమున చార్జింగు కేంద్రమున ఆగిరి. అచ్చట నున్న ఒక్క ప్లగ్గునకు ఒక కారు తగిలింపబడి యున్నది. చార్జింగు పూర్తియైనదని దీపము చూపుచునే యున్నది. కారు యజమాని ఏదో పెండ్లి భోజనమునకు పోయినాడట. ఎవరిని అడుగవలెనో తెలియదు, బండిమీద చీటీ లేదు. ఆయన వచ్చువరకు గంటన్నర గడచినది. మన సభ్యుడు తన బండికి కావలసినంత చార్జింగు చేసికొని యార్డు చేరునప్పటికి ఆ నాటి బేరములు ముగిసినవి. రాత్రి టిక్కీల ప్రక్కనే పండుకొని, మఱునాటి ధరకు అమ్ముకొనవలసి వచ్చినది. ఆ కారు యజమాని చెడ్డవాడు కాడు. తాను ఒకరికి నష్టము చేయుచున్నానని ఆయనకు తోచనే లేదు. తోచునట్లు చేయుటకే ఈ నాలుగు మాటలు.

ముందుగా చార్జింగు తీరు తెలిసికొందము. విద్యుత్తు ఆటో బ్యాటరీలో సుమారు 8 యూనిట్లు పట్టును. 15 ఆంపియర్ల సాకెట్టు గంటకు మూడు యూనిట్లకు కొంచెము పైగా నిచ్చును. కనుక ఆటోకు ఇంచుమించు మూడు గంటలు కావలెను. 30 యూనిట్లు పట్టు కారునకు అదే సాకెట్టుపై తొమ్మిది పది గంటలు పట్టును. 30 కిలోవాట్ల వేగ చార్జరు ఉన్నచో నూటికి 80 వంతులు సుమారు గంటలో నిండును. అయితే మిగిలిన 20 వంతులు అంత వేగముగ నిండవు. మిరపకాయలను టిక్కీలో నింపుట చూచినవారి కిది సులువుగ బోధపడును. మొదట గంపలతో కుమ్మరింపగానే సంచి ముప్పాతిక నిండును. పిమ్మట త్రొక్కి త్రొక్కి చివరి నాలుగు గంపలు పట్టించుటకు ఎక్కువ కాలము పట్టును. బ్యాటరీయు నట్టిదే. అది నిండుచున్న కొలది వేడెక్కి చెడకుండ కరెంటు ప్రవాహమును బండియే తగ్గించుకొనును.

దీనినిబట్టి మొదటి మర్యాద స్పష్టమగుచున్నది. వేగ చార్జరు కడ వెనుక నొకరు వేచియున్నచో, నూటికి 80 వంతులు నిండగనే బండి తీయవలెను. ఇల్లు చేరుటకు అంతకంటె ఎక్కువ నిజముగ అవసరమైన దూరప్రయాణీకుడు ఆ మాట వేచియున్నవారితో చెప్పి, వారి సమ్మతితో ఉండవచ్చును. ఎవరును లేనప్పుడు నిండుగ నింపుకొనుటలో దోషము లేదు.

రెండవది, చార్జింగు ముగిసిన పిదప బండి నచ్చట నిలుపరాదు. “నేను డబ్బిచ్చితిని గదా” అని కొందరందురు. వారు డబ్బిచ్చినది కరెంటునకు, స్థలమును కొనలేదు. పిండి మరకు కూలి చెల్లించినవాడు తన పిండి ఆడిన పిదపను బస్తాను మర నోటికడనే పెట్టి బజారునకు పోవుట యుండునా? ఈ చిక్కు మనకే కాదు. అమెరికాలోని టెస్లా సంస్థ తన కేంద్రములలో చార్జింగు ముగిసినను కదలని బండ్లపై నిమిషముల లెక్కన రుసుము వేయుట 2016 డిసెంబరులోనే మొదలుపెట్టినది. 2024లో క్రొత్తగా అమ్మిన కార్లలో నూటికి 88కి పైగా విద్యుత్తువే యైన నార్వే దేశమునను ఒకే చార్జరు కొఱకు పలువురు వేచియుండుట కలదు. మర్యాద లేనిచోటికి రుసుము వచ్చును. రుసుము రాకముందే మర్యాద నేర్చుట మనకు లాభము, గౌరవము.

మూడవది, పెట్రోలు బండ్లు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు చార్జింగు స్థలమున నిలుపరాదు. నీడ యున్నదనియో, బజారునకు దగ్గర యనియో నిలిపినచో అది పంటకాలువలో రాళ్లు వేసినట్లే. చార్జింగు చేసికొనని విద్యుత్తు బండికిని ఇదే నియమము.

నాలుగవది, ఇతరుల బండి ప్లగ్గును వారి యనుమతి లేక ఊడదీయరాదు. ఎంత ఆలస్యమైనను, ఎంత కోపము వచ్చినను, అది కాలువకు గండి కొట్టుట వంటి పని. బలవంతముగ లాగినచో ప్లగ్గు కొక్కెము విరిగి ఆ కేంద్రమే మూతపడవచ్చును. అట్టి అవసరము రాకుండుటకు ప్రతి యజమానియు తన ఫోను నంబరును, తిరిగి వచ్చు వేళను చీటీపై వ్రాసి అద్దమున కనబడునట్లు పెట్టవలెను. “నూటికి 80 దాటినచో తీయవచ్చును” అని దానిపై వ్రాసినవాడు మఱింత మర్యాదస్థుడు. పని యయిన పిదప కేబులును చుట్టి కొక్కెమునకు తగిలింపవలెను. నేలపై వదలినచో చక్రములక్రింద నలుగును, వానలో బురద పట్టును, తరువాతివానికి ప్రమాదము కలుగును.

ఇక వంతు ఎవరిది అను ప్రశ్న. కూలికి తిరుగు ఆటోవాడు ముందా, కుటుంబముతో వచ్చిన కారు యజమాని ముందా? ముందు వచ్చినవానిదే ముందు వంతు అనుట సామాన్య న్యాయము. దానిని మేము కాదనము. రోగిని తీసికొనిపోవు బండికి మాత్రము అందఱును త్రోవ విడువవలెను. ఐనను మా మనసులోని మాట మఱియొకటి కలదు. ఇంటిలో సాకెట్టు గలవాడు రాత్రి నిద్రించుచుండగనే బండి నింపుకొనగలడు. అద్దె గదిలో నుండు ఆటోవానికి ఆ వసతి లేదు. ఈ ప్లగ్గే అతని బ్రతుకుతెరువు. బావి గల రైతు కాలువ నీటి కొఱకు చివరి భూమివానితో పోటీపడుట సబబు కాదని మన మందఱ మొప్పుకొందుము. ఇదియు నట్టిదే. ఇది చట్టము కాదు, పెద్దమనసు. పెద్దమనసు లేనిదే సహకారము కాగితముమీదనే యుండును.

మఱియొక హెచ్చరిక. చార్జింగు కేంద్రము దూరమని కొందరు పొలములోని మోటారు కనెక్షను నుండి బండ్లకు కరెంటు పెట్టుట కలదు. 2004 నుండి మనకు ఉచితముగ వచ్చు విద్యుత్తు పైరు కొఱకు ఇచ్చినది. అనుమతించిన పనికి గాక వేరు పనికి వాడినచో రెట్టింపు రేటున వసూలు చేయవచ్చునని 2003 నాటి విద్యుత్తు చట్టము 126వ సెక్షను చెప్పుచున్నది. చట్టము మాట అటుంచినను, ఒకే ట్రాన్సుఫార్మరుపై పది మోటార్లు ఉన్నచోట ఈ అదనపు భారము పొరుగువాని మోటారు కాలుటకు కారణము కావచ్చును. అదియు వంతు తప్పుటయే.

చివరగా మన సంఘములు చేయదగిన పని. బండ్లకు చార్జింగు చేయుట విద్యుత్తు అమ్మకము కాదు, సేవ యనియు, దానికి లైసెన్సు అక్కరలేదనియు కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిలులో తేల్చినది. అదే సంవత్సరము డిసెంబరులో, నగరములలో 3 కిలోమీటర్ల చదరమున కొకటి, పెద్ద రహదారులపై 25 కిలోమీటర్ల కొకటి చొప్పున కేంద్రము లుండవలెనని మార్గదర్శకములు వెలువరించినది. 2024 అక్టోబరులో ఆరంభమైన పీఎం ఈ-డ్రైవ్ పథకమున చార్జింగు కేంద్రముల కొఱకు 2,000 కోట్ల రూపాయలు కేటాయించిరి. ప్రాథమిక సహకార సంఘములు అప్పులు, ఎరువులతోనే ఆగక 25కు మించిన పనులు చేపట్టుటకు వీలుగ 2023లో నమూనా ఉపవిధులు వచ్చినవి. గోదాము ముందర ఖాళీ స్థలమున్న సంఘములు రెండు మూడు సాకెట్లు పెట్టుటను ఆలోచింపవలెను. ఎరువునకు, విత్తనమునకు వచ్చిన రైతు తన పని చూచుకొనులోపల బండియు కొంత నిండును.

అయితే సాకెట్టు పెట్టుటకు ముందే నియమములు గోడపై వ్రాయింపవలెనని మా కోరిక. వచ్చిన వరుసను వ్రాయుటకు ఒక పుస్తకము, వేచియున్నవా రున్నపుడు ఇంతవరకే యను హద్దు, ముగిసిన పిదప బండి తీయుటకు పావుగంట గడువు, మహాశివరాత్రి వంటి రద్దీ దినములలో ఒక్కొక్కరికి తక్కువ కాలము, తగవు వచ్చినచో తీర్చుటకు ఒక బాధ్యుడు. పూర్వము నీరటికాడు చేసిన పని యిదియే. ఈ నియమములు అధ్యక్షుని కారునకును, సామాన్య సభ్యుని స్కూటరునకును ఒక్కటే కావలెను. లేనిచో గోడ వ్రాతను ఎవరును గౌరవింపరు.

రాబోవు మహాజన సభలో సభ్యులీ విషయమును చర్చకు తేవలసినదని కోరుచున్నాము. అంతవరకు ఒక్క పని ఎవరి తీర్మానమును లేకయే చేయవచ్చును. రేపు చార్జింగు కేంద్రమున బండి నిలుపునప్పుడు ఒకసారి వెనుకకు తిరిగి చూడుడు. అచ్చట నొకడు టిక్కీలతో నిలిచియున్నాడేమో.